లయ – మనుషులందరి ఉమ్మడి సొత్తు

(మణికొండలో జరిగిన సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంక్షేమ సంఘం సభలో మాట్లాడుకోవలసిన విషయాలు చాలా ఉన్నాయి. పిల్లల ఫీజులు, పేదింటి ఆడపిల్లల పెళ్ళిళ్ళు, వైద్యసహాయం, ఇవన్నీ కార్యదర్శి గారి నివేదికలో వచ్చాయి. నేను లయ గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. "భాయ్, మనది సంగీత సభ కాదు గదా" అన్నారు. నిజమే. నాకు సంగీతం రాదు. కాని ఈ విషయానికీ మన సంఘం చేసే పనికీ దగ్గరి సంబంధం ఉన్నదని నా నమ్మకం. అదేమిటో మనవి చేస్తాను. కాస్త ఓపికగా వినండి.

ముందు ఒక చిన్న సంగతి. గోడ గడియారం చప్పుడు ఎలా ఉంటుందని మీ పిల్లలను అడగండి. "టిక్ టాక్" అంటారు. నిజానికి మనం వినే ఆ చప్పుళ్ళు చాలావరకు ఒకే తీరువి. వాటిని రెండేసి చొప్పున జతకట్టి, ఒకదాన్ని బరువుగా, ఇంకొకదాన్ని తేలికగా వినేది మన మనస్సు. రైల్లో కూర్చుంటే చక్రాల చప్పుడులో పిల్లలకు మాటలు వినిపిస్తాయి, పాటలు వినిపిస్తాయి. ఇనుముకు మాటలు రావు. మాటలు కట్టేది మనమే. వరుసగా వచ్చే చప్పుడు వింటే చాలు, తరువాతి దెబ్బ ఎప్పుడు పడుతుందా అని మన లోపల ఒకడు కాచుకొని కూర్చుంటాడు. ఆ కాచుకొని ఉండడమే లయ. అనుకున్న వేళకు దెబ్బ పడితే సంతోషం, పడకపోతే వెలితి.

ఇది ఎవరో నేర్పితే వచ్చింది కాదు. 2009లో హంగేరీ దేశపు బుడాపెస్టులో పరిశోధకులు పుట్టి రెండు మూడు రోజులైన పసికందులకు నిద్రలో డ్రమ్ము దెబ్బలు వినిపించారు. మధ్యలో ముఖ్యమైన దెబ్బను కావాలని తప్పించినప్పుడు ఆ పసిబిడ్డల మెదడు "ఇక్కడ ఏదో పోయింది" అన్నట్లు స్పందించింది. మూడు రోజుల బిడ్డకు తన భాష తెలియదు, మతం తెలియదు, తండ్రి పేరు తెలియదు. కాని తాళం తప్పితే తెలిసింది! గర్భంలో ఉండగానే చెవి పని చేయడం మొదలుపెడుతుంది. అక్కడ వినపడేది తల్లి గుండె చప్పుడు, తల్లి నడక, తల్లి మాట. అందుకే గదా ఏడ్చే బిడ్డను భుజాన వేసుకొని వీపు మీద తడుతూ ఊగుతాం! దాదీ అయినా, అమ్మమ్మ అయినా, లోరీ పాడినా, జోల పాడినా, చేయి తట్టే తీరు మాత్రం ఒకటే. ఈ భూమి మీద పాటా ఆటా లేని జాతి ఎక్కడా కనపడదు.

ఇక పని సంగతి. మన మణికొండ, పుప్పాలగూడ, ఖాజాగూడ అంతా రాతి గుట్టల ప్రాంతం. రాయి కొట్టేవారిని చూసినవారు ఈ సభలో ఉన్నారు. ఒకడు ఉలి పట్టుకొని కూర్చుంటాడు, ఇంకొకడు సమ్మెట ఎత్తి వేస్తాడు. లయ తప్పితే పోయేది చెయ్యి. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో రెండు రోకళ్ళు వేసి వడ్లు దంచేవారు. ఒక రోకలి లేచినప్పుడే రెండోది దిగాలి. దంపుడు పాట పుట్టింది అక్కడే. తిరగలి పాటలు, ఏతం పాటలు, నాట్ల పాటలు, పడవ లాగే జాలరుల పాటలు, అన్నీ ఇటువంటివే. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసి, అవి చదువుకున్నవారు చదవదగిన సాహిత్యమేనని లోకానికి చూపించారు.

మన దక్కను సూఫీలకు ఈ కిటుకు బాగా తెలుసు. బిజాపూరు ప్రాంతంలో సుమారు 17వ శతాబ్దంలో "చక్కీనామా" అనే పాటలు దక్కనీ భాషలో వెలిశాయి. తెల్లవారుజామున తిరగలి విసిరే ఆడవాళ్ళ కోసం అవి పుట్టాయి. రాట్నం వడికేవారికి "చర్ఖానామా" ఉండేది. పుస్తకం చదవలేని తల్లికి, మసీదు పాఠశాలకు పోలేని ఆడబిడ్డకు, తిరగలి తిరిగే లయ మీద దైవ స్మరణ అందింది. చెయ్యి పిండి విసిరింది, నోరు పాఠం నేర్చింది. వయోజన విద్యా పథకాలు రాకముందే వచ్చిన వయోజన విద్య ఇది.

మన దూదేకుల సోదరుల వృత్తి చూడండి. దూది ఏకే విల్లు నారిని కొయ్యతో మీటుతుంటే ఆ టంకారం వీధి చివరి దాకా వినపడేది. పరుపు కుట్టించుకోవాలన్నవారు ఆ చప్పుడు విని కేక వేసేవారు. ఆ వృత్తిలో లయే పనిముట్టు, లయే ప్రకటన!

మన పొరుగునే హజ్రత్ హుసేన్ షా వలీ దర్గా ఉంది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుసేన్ సాగర్ నిర్మాణం ఆయన పర్యవేక్షణలోనే సాగిందని చెబుతారు. యంత్రాలు లేని రోజులు. అంత కట్ట లేవాలంటే ఎన్ని గంపల మట్టి మోయాలి! ఎన్ని చేతులు మారాలి! ఒక చెయ్యి ఇచ్చే వేళకు ఇంకొక చెయ్యి చాచి ఉండకపోతే గంప నేల మీద పడుతుంది. పదిమంది కలిసి బరువెత్తేటప్పుడు ఒక్కసారిగా కేక వేయడం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. పదిమంది బలం ఒక్క క్షణంలో పడాలి. ఆ క్షణాన్ని చెప్పేది లయ. 2010లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పడవ జట్టు మీద ఒక పరిశోధన వెలువడింది. ఒంటరిగా తెడ్డు వేసినప్పటికంటే, అదే శ్రమ అందరూ కలిసి ఒకే వేగంతో చేసినప్పుడు నొప్పిని ఓర్చుకునే శక్తి పెరిగిందని వారు కొలిచి చూపించారు. మన దంపుడు పాటలు పాడిన అమ్మలు కొలవకుండానే కనిపెట్టిన సత్యం ఇది.

మాటలో కూడా లయ ఉన్నది. ఖురాన్ పఠనం నేర్చుకునే పిల్లవాడికి ఉస్తాద్ గారు చెప్పే పాఠాల్లో "మద్" సంగతి ఒకటి. ఏ అక్షరాన్ని రెండు హరకతుల సేపు సాగదీయాలి, ఎక్కడ నాలుగు, ఎక్కడ ఆరు అని వేళ్ళు ముడిచి తెరుస్తూ లెక్క చెబుతారు. ఇదే పిల్లవాడు బడికి పోతే తెలుగు మాస్టారు గారు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని చిటికె వేసి నేర్పుతారు. పొద్దున ఒక చోట, పగలు ఇంకొక చోట, రెండు చోట్లా వాడు చేసేది వేళ్ళతో కాలాన్ని కొలవడమే. అరబ్బీ ఛందస్సును 8వ శతాబ్దంలో సూత్రీకరించిన బస్రా పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ కు, కంచరి వాళ్ళ బజారులో సుత్తి దెబ్బలు వింటుంటే ఆ ఆలోచన తట్టిందని ఒక కథ చెప్పుకుంటారు. కథ ఎంతవరకు నిజమో గాని, పద్యానికీ పనికీ ఉన్న చుట్టరికాన్ని మాత్రం చక్కగా చెబుతుంది.

ఈ చుట్టరికం మన గడ్డ మీద కొత్తది కాదు. ఇక్కడికి దగ్గరలోనే పటాన్‌చెరువు ఉన్నది. అక్కడి అమీన్ ఖాన్ అనే పాలకుడికి పొన్నికంటి తెలగనార్యుడు "యయాతి చరిత్రము" అంకితమిచ్చాడు. సంస్కృత పదాలు లేకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. తెలుగు పద్యపు నడక ఆ దొర చెవికి ఇంపుగా ఉండబట్టే గదా అది సాధ్యమయింది! పిఠాపురం ఉమర్ ఆలీషా గారు (1885–1945) ఒమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. దాశరథి కృష్ణమాచార్య గారు "గాలిబ్ గీతాలు" అందించారు. భాష మారినా, గుండెకు తగిలే నడక ఒకటి ఉంటుందని వీరందరూ నిరూపించారు.

ఇక వీధిలోకి వద్దాం. హైదరాబాదు పెళ్ళిళ్ళలో మర్ఫా వినని వారు ఉండరు. నిజాముల సైన్యంలో కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలు గల సిద్దీలు తమ వెంట తెచ్చుకున్న వాద్యమది. బార్కస్, ఏ.సి. గార్డ్స్ అనే పేట పేర్లు ఆ సైనికుల జ్ఞాపకాలే. ఒకటి బారకాసుల నుంచి వచ్చింది, రెండోది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ మర్ఫాలో వాయించే ఒక వరుస పేరు తీన్‌మార్. ఇవాళ ఆ మాట తెలుగు మాట అయిపోయింది. బోనాల్లో తీన్‌మార్, వినాయక నిమజ్జనంలో తీన్‌మార్, బారాత్‌లో తీన్‌మార్. సముద్రం దాటి వచ్చిన మూడు దెబ్బలు మన ఊరి కాళ్ళలోకి దిగిపోయాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎవరూ పౌరసత్వం అడగలేదు!

తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. గుండం చుట్టూ డప్పు దెబ్బకు అడుగులు వేసేవారిలో ఏ కులం వారు ఎందరో లెక్క తీయడం కష్టం. అదే ముహర్రం పదవ నాడు పాతబస్తీలో బీబీ కా అలం ఊరేగింపులో మాతం చేసేవారి చేతులు ఒక్కసారిగా గుండె మీద పడతాయి. అక్కడ లయ దుఃఖాన్ని మోస్తుంది. రంజాన్ నెలలో సహర్ వేళకు దఫ్ కొడుతూ గల్లీ గల్లీ తిరిగి నిద్ర లేపే ఫకీర్ల చేతిలో అది గడియారమవుతుంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు గారు (1924–1999) నాదస్వరం పట్టి శ్రీరంగంలో స్థిరపడి, 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నారు. ఆయన సన్నాయికి డోలు తాళం వేసేది. ఆ తాళం వేసేవారి మతం ఏదని వినేవారెవరూ అడిగి ఉండరు.

వాద్యాల విషయంలో మన పెద్దల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని నాకు తెలుసు. పెళ్ళి పదిమందికీ తెలియడానికి దఫ్ వాయించడం వరకు సరే అనేవారున్నారు, అంతకు మించి కూడదనేవారున్నారు. ఆ తీర్పు చెప్పడానికి నేను ఆలిమ్‌ను కాను, ఈ వేదికా అందుకు కాదు. నేను చెప్పేది వాద్యం కంటె విశాలమైన సంగతి. నమాజు వరుసలో ఏ వాద్యమూ లేదు. ఒక్క తక్బీర్ వినపడగానే వందమంది ఒక్కసారిగా వంగుతారు, ఒక్కసారిగా లేస్తారు. పక్కవాడు జడ్జి గారైనా, గేటు దగ్గరి కాపలాదారైనా భుజానికి భుజం తగులుతుంది. ఒకే వేళకు ఒకే కదలిక కదిలినవారి మధ్య అంతరం కొంతసేపైనా తరిగిపోతుంది.

అయితే ఇందులో ఒక ప్రమాదం కూడా ఉన్నది. దాన్ని దాచితే ప్రసంగం సగమే అవుతుంది. లయ మనుషులను ఒక్కటి చేస్తుందే గాని, ఎందుకోసం ఒక్కటి చేస్తున్నావని అడగదు. యుద్ధభేరీ కూడా లయే. కోపంతో ఊగే గుంపు వేసే నినాదానికీ తాళం ఉంటుంది. ఆ ఊపులో ఒంటరిగా ఉన్నప్పుడు చేయని పని మనిషి చేస్తాడు. కనుక అడుగు కలిపేముందు అది ఎటు పోతున్నదో చూసుకోవాలి.

రెండో ప్రమాదం చప్పుడు. పెద్ద చప్పుడే గొప్ప లయ అని మన కుర్రవాళ్ళు పొరపడుతున్నారు. బండి మీద ఇల్లంత పెట్టెలు పెట్టి మోగిస్తే కిటికీ అద్దాలు అదురుతాయి, ముసలివారి గుండెలు అదురుతాయి. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టంలను నిషేధించారు. మిలాద్ ఊరేగింపులకైనా, గణేశ్ ఊరేగింపులకైనా అదే మాట వర్తించింది. అందులో నొచ్చుకోవలసింది ఏమీ లేదు. డప్పు కొట్టేవాడికి చెయ్యి నొప్పి పుడుతుంది, అలసట వస్తుంది, ఎదుటివాడి ముఖం చూసి వేగం తగ్గిస్తాడు. పెట్టెకు ఆ కనికరం ఎక్కడిది?

ఇప్పుడు మన మణికొండ సంగతి. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన తరువాత ఇటువైపు ఊళ్ళ రూపమే మారిపోయింది. పొలాలు పోయి అపార్టుమెంట్లు లేచాయి. పాత ఊరివారు, పాలమూరు నుంచి కూలికి వచ్చినవారు, గుంటూరు, కర్నూలు నుంచి, బీహారు, బెంగాలు నుంచి వచ్చినవారు, అందరం ఒకే రోడ్డు మీద పోతున్నాం. కాని ఎవరి చెవిలో వారి పాట ఉంది. లిఫ్టులో నలుగురు నిలబడితే నాలుగు చెవుల్లో నాలుగు తాళాలు మోగుతుంటాయి, ఒకరి కాలు ఆడేది ఇంకొకరికి అర్థం కాదు. మనిషికి లయ మీద మోజు తగ్గలేదు. ఇంతకు ముందెన్నడూ లేనంత పాట ఇప్పుడు వింటున్నాం. తగ్గింది కలిసి వేసే తాళం.

ఇందులో ఎక్కువ నష్టపోయినవారు మన ముసలివారు. కొడుకు, కోడలు ఆఫీసుకు పోతారు, మనుమడు బడికి పోతాడు. పన్నెండో అంతస్తులో దాదీ ఒక్కతే. ఆమెకు లోరీలు తెలుసు, తిరగలి పాటలు తెలుసు, సామెతలు తెలుసు. వినేవారు లేరు. ఆమెతోపాటు అవి కూడా వెళ్ళిపోతే తిరిగి తెచ్చే వైద్యుడు లేడు.

లయ వైద్యానికి కూడా పనికివస్తుందని ఇప్పుడు బాగా తెలిసింది. పార్కిన్సన్స్ జబ్బు వచ్చినవారికి నడుస్తూ నడుస్తూ కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. సమంగా పడే తాళం వినిపిస్తే, లేదా పక్కనున్నవారు "ఒకటి, రెండు" అని లెక్క పెడితే చాలామందికి అడుగు పడుతుంది. తాళం వినగానే మెదడులో కదలికకు సంబంధించిన భాగాలు కూడా మేల్కొంటాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మందులు మానమని కాదు. డాక్టరు గారిని, ఫిజియోథెరపిస్టును అడిగి మందులతోపాటు దీన్ని వాడుకోవచ్చు. నత్తి ఉన్న పిల్లలు చాలామంది, మామూలుగా తడబడే మాటనే తాళానికి తగ్గట్టు పలికితే సాఫీగా పలుకుతారు. అటువంటి పిల్లవాణ్ణి వెక్కిరించే బదులు పదిమందితో కలిసి పద్యం చెప్పనిద్దాం.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరికి ఉంచాను. మనిషి ఉన్నట్టుండి కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా తీయకపోతే గుండె ఆగిందని అనుమానించాలి. వెంటనే ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు ఆ మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కాలి. పెద్దవారికైతే 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 సెంటీమీటర్లకు మించకుండా. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతిసారీ ఛాతీ తిరిగి పైకి లేవనివ్వాలి. దీన్నే సి.పి.ఆర్. అంటారు. కంగారులో ఉన్నవాడు మరీ వేగంగా నొక్కుతాడు, లేదా అలసి మెల్లగా నొక్కుతాడు. అందుకే మనసులో ఒక తాళం పెట్టుకోమని నేర్పుతారు. గడియారం ముందు పెట్టుకొని సెకనుకు రెండు దెబ్బల కంటె ఒక్క పిసరు తక్కువ వేగంతో సాగే పాట ఒకటి మీకు మీరే వెతుక్కోండి. పుట్టక ముందు తల్లి గుండె మనకు వినిపించిన తాళాన్ని, ఒకరి గుండె ఆగిన నాడు మన చేతులతో తిరిగి ఇవ్వడమన్నమాట. మణికొండ రోడ్ల మీద సాయంత్రం అంబులెన్సు ఎంతసేపటికి వస్తుందో మీకు తెలియనిది కాదు. ఆ వచ్చేలోగా నిలబెట్టవలసింది పక్కింటివాడే.

అందుచేత మూడు సూచనలు సభ ముందు పెడుతున్నాను. ఒకటి, రాబోయే మూడు నెలల్లో ప్రతి అపార్టుమెంటు నుంచి ఇద్దరు, బస్తీ నుంచి గల్లీకి ఇద్దరు, కాపలాదారులతో సహా, డాక్టర్ల చేత సి.పి.ఆర్. నేర్చుకోవాలి. ఆడవాళ్ళు కూడా తప్పక నేర్చుకోవాలి, పగటివేళ ఇళ్ళలో ఉండేది ఎక్కువగా వారే. రెండు, నెలకొక ఆదివారం పెద్దవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టి, వారికి తెలిసిన లోరీలు, తిరగలి పాటలు, పద్యాలు పిల్లల చేత నేర్పించుకోవాలి. ఫోనులో రికార్డు కూడా చేయాలి. ఉర్దూవైనా, తెలుగువైనా, దక్కనీవైనా సరే. పక్కింటి హిందూ, క్రైస్తవ పెద్దలను కూడా పిలుద్దాం. మూడు, సంఘం సహాయంతో జరిగే పెళ్ళిళ్ళలో డీజే పెట్టెలు వద్దని తీర్మానం చేద్దాం. చేతితో వాయించేవి ఉండాలా, అక్కరలేదా అన్నది ఆ ఇంటివారికీ, వారి పెద్దలకూ వదిలేద్దాం.

వీటికి ఖర్చు పెద్దగా కాదు. కావలసింది ఒకరి వేగానికి ఇంకొకరు ఆగే ఓపిక. గుంపుగా నడిచేటప్పుడు కుంటుతూ నడిచేవాడి అడుగును బట్టి మిగతావారు అడుగు వేస్తే, ఎవరూ వెనుకబడరు. సంక్షేమ సంఘం అంటే నాకు తెలిసినంతలో ఇదే.